ఒక్కరే పడవ నడపాలంటే: వించ్‌లు, తాళ్లు ఎలా మార్చుకోవాలి

పాతకాలపు మామూలు వించ్‌లు (తాడును చుట్టి లాగే గిలకలు) ఉన్న సెయిల్‌బోట్‌ను, అంటే తెరచాప పడవను, ఒక్కరే నడపాలంటే మూడు చేతులు కావాలి. ఒక చెయ్యి చుక్కాని కర్ర మీద, అంటే టిల్లర్ మీద ఉండాలి. ఒకటి వించ్ హ్యాండిల్ తిప్పాలి. ఇంకొకటి వించ్ డ్రమ్ మీంచి వచ్చే తాడు కొసను లాగి పట్టుకోవాలి. పక్కన ఇంకో మనిషి ఉన్నంతకాలం ఈ లెక్క మనకు తట్టదు. మొదటిసారి ఒంటరిగా బయటికి వెళ్లిన రోజే తెలుస్తుంది.

నా పడవ 27 అడుగులది. శాన్ ఫ్రాన్సిస్కో బేలో, బర్క్లీ మెరీనాలో కట్టేసి ఉంటుంది. ఇక్కడ వేసవి మధ్యాహ్నాల్లో గోల్డెన్ గేట్ సందులోంచి గాలి తోసుకొస్తుంది. పన్నెండింటికి 8 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) ఉన్నది మూడింటికల్లా 20 దాటిపోవచ్చు. అలాంటి ఒక రోజు టాక్ చేస్తూ, అంటే పడవ ముక్కును గాలికి ఎదురుగా అవతలి పక్కకు తిప్పుతూ, టిల్లర్‌ను మోకాలితో నొక్కిపెట్టి రెండు చేతులతో షీట్ (తెరచాపను బిగించే తాడు) లాగుతున్నాను. పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి ఆగిపోయింది. ముందు తెరచాప, అంటే జిబ్, పటపటా కొట్టుకుంటోంది. తాడు కొస చేతిలోంచి జారిపోయింది. ఏమీ కాలేదు, కానీ ఆ చలికాలమంతా పడవ మీద ప్రతి తాడునూ, ప్రతి కప్పీనీ మళ్లీ చూసుకున్నాను. ఇక్కడ రాసేది ఆ పనిలో చేతికి తెలిసిన క్రమం.

చాలామంది ముందు పెద్ద వించ్ కొంటారు. నా మాట వినండి, అది చివరి మెట్టు. ముందు రాపిడి తగ్గించాలి, తర్వాత తాళ్లు మార్చాలి, తర్వాత ఆ తాళ్లు నడిచే దారి మార్చాలి. ఇవన్నీ అయ్యాక ఎంత పెద్ద వించ్ కావాలో నిజంగా తెలుస్తుంది. అప్పుడు సగం డబ్బు మిగిలినా మిగులుతుంది.

ముందు ఒక చిన్న నోటు పుస్తకం

గాలి 8, 10 నాట్లున్న రోజు చూసుకుని, ఇంకో మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆ మనిషి ఏ పనీ చెయ్యకూడదు, ఊరికే కూర్చుని రాయాలి. మీరు టిల్లర్ వదిలిన ప్రతిసారీ ఎందుకు వదిలారు, ఎంతసేపు వదిలారు అన్నది రాయమనండి. మెయిన్ (పెద్ద తెరచాప) ఎత్తడానికి మాస్ట్ (తెరచాప కొయ్య) దగ్గరికి వెళ్లారా? జిబ్ షీట్ విప్పడానికి అవతలి పక్కకు వంగారా? మెయిన్‌షీట్‌ను బిగించి ఉంచే క్లీట్ అందక లేచారా? గంట తిరిగొస్తే ఒక పేజీ నిండుతుంది. ఆ పేజీయే మీ కొనుగోళ్ల జాబితా. ఎవరో వాళ్ల పడవకు చేసుకున్నది మీ పడవకు అక్కర్లేకపోవచ్చు.

నా పేజీలో మొదటి వరుసలో ఉన్నది వించ్ కాదు, మెయిన్‌షీట్. గాలి విసురు వచ్చినప్పుడు మొదట వదలాల్సిన తాడు అదే. అది నా చేతికి అందేది కాదు. తాడును పళ్ల మధ్య పట్టే క్యామ్ క్లీట్ ఉన్న తిరిగే బేస్ ఒకటి పెట్టి, దాన్ని టిల్లర్ దగ్గర కూర్చున్న చోటు వైపు తిప్పాను. ఒక్క పూట పని.

ఇంకో మాట. ఒక్కరే ఉన్నప్పుడు నీళ్లలో పడితే పడవ మన కోసం ఆగదు. 5 నాట్ల వేగమంటే సెకనుకు రెండున్నర మీటర్లు. అర నిమిషంలో పడవ 75 మీటర్లు దాటిపోతుంది. బేలో నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. కాబట్టి వించ్ కన్నా ముందు లైఫ్ జాకెట్, మనల్ని పడవకు కట్టి ఉంచే టెథర్, దాన్ని తగిలించడానికి కాక్‌పిట్ (నడిపేవాళ్లు కూర్చునే గుంట) నుంచి ముందు దాకా పరిచిన జాక్‌లైన్ ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి. మన నేవీ కమాండర్ అభిలాష్ టామీ 2018లో ఒంటరి రేసులో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో మాస్ట్ విరిగి, వెన్నుకు దెబ్బ తగిలి, కదలలేకపోయారు. మూడు రోజుల తర్వాత ఫ్రెంచ్ నౌక ఓసిరిస్ ఆయన్ని చేరగలిగిందంటే, ఆయన ఎక్కడున్నారో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు కాబట్టే. అదే మనిషి మళ్లీ ఆ రేసుకే వెళ్లి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో ముగించారు.

ఉన్న వించ్‌ను విప్పి శుభ్రం చెయ్యండి

ఊళ్లో బావి గిలకకు తుప్పు పడితే సగం బిందె కూడా బరువనిపించేది. నూనె చుక్క వేస్తే అదే బిందె తేలిగ్గా వచ్చేది. వించ్‌లోనూ అంతే. ఏళ్ల తరబడి విప్పని వించ్‌లో గ్రీజు గట్టిపడి బంకలా మారిపోతుంది.

డ్రమ్ తీసే ముందు ఒక అట్టపెట్టె అడుగున వించ్ పట్టేంత రంధ్రం కోసి, దాన్ని వించ్ చుట్టూ దించండి. లోపల పాల్స్ అనే చిన్న లోహపు ముక్కలు, వాటి వెనక సన్నటి స్ప్రింగులు ఉంటాయి. డ్రమ్ ఎత్తగానే అవి ఎగిరి నీళ్లలో పడిపోతాయి. పెట్టె ఉంటే పెట్టెలో పడతాయి. విప్పిన ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. భాగాలన్నీ కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, గేర్లకు, బేరింగ్‌లకు వించ్ గ్రీజు పలచగా రాయండి.

పాల్స్‌కు మాత్రం గ్రీజు వద్దు. పలచని నూనె ఒక చుక్క చాలు. పాల్‌కు గ్రీజు అంటుకుంటే అది సమయానికి బయటికి రాదు. అప్పుడు బరువు మీద ఉన్న డ్రమ్ వెనక్కి తిరిగితే హ్యాండిల్ గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొట్టగలదు. బిగించాక చేత్తో తిప్పి వినండి: టిక్ టిక్ శబ్దం రెండు పాల్స్ నుంచీ సమానంగా రావాలి. స్ప్రింగులు పాతవైతే మార్చెయ్యండి, ఖరీదు చాలా తక్కువ.

మాస్ట్ మీది గాడిలో మెయిన్ అంచున ఉండే స్లైడ్లు నడిచే దారి కూడా తుడిచి పొడి సిలికాన్ స్ప్రే కొట్టండి. తెరచాపను పైకెత్తే తాడు, అంటే హాల్యార్డ్, వదలగానే మెయిన్ తన బరువుకు తానే కిందికి రావాలి. రాకపోతే ఎన్ని తాళ్లు కాక్‌పిట్‌లోకి తెచ్చినా చివరికి మాస్ట్ దగ్గరికి నడవక తప్పదు.

తాడు మీద ఎంత బరువు పడుతుందో లెక్క

జిబ్ షీట్ మీద పడే బరువుకు వించ్‌లు తయారుచేసేవాళ్లు వాడే ఒక సులువైన లెక్క ఉంది. జిబ్ వైశాల్యం చదరపు మీటర్లలో తీసుకుని, గాలి వేగాన్ని నాట్లలో వర్గం చేసి, రెండూ గుణించి, 0.021తో మళ్లీ గుణిస్తే కిలోలు వస్తాయి. 20 చదరపు మీటర్ల జిబ్, 10 నాట్ల గాలి అయితే 42 కిలోలు. అదే జిబ్ 20 నాట్లలో 168 కిలోలు. గాలి రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. ఉదయం చేత్తో లాగిన తాడు మధ్యాహ్నం కదలకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్క ఇంకో విషయం కూడా చెబుతుంది. జిబ్‌ను సగానికి తగ్గిస్తే బరువూ సగమవుతుంది. ఒక్కరే నడిపేవారికి అన్నిటికన్నా చవకైన మార్పు కొంచెం చిన్న జిబ్. మాస్ట్ దాటి వెనక్కి పొడుచుకొచ్చే పెద్ద జెనోవాను వేసవికి ఇంట్లో పెట్టి, మాస్ట్ ముందే ఆగిపోయే జిబ్ కట్టుకుంటే టాక్ చేసినప్పుడు అది చటుక్కున అటు వచ్చేస్తుంది, షీట్ లాగాల్సిన నిడివీ తగ్గుతుంది. వేగం కొంత పోతుంది, నిజమే. ఆ నష్టం నాకు సమ్మతం.

తాళ్లు

షీట్లకు పాలియెస్టర్ డబుల్ బ్రెయిడ్ (లోపలొకటి, పైనొకటి రెండు అల్లికల తాడు), 10 మిల్లీమీటర్ల మందం. అమెరికా దుకాణాల్లో దీన్నే 3/8 అంగుళం అంటారు. బలం కోసమే అయితే 8 కూడా సరిపోతుంది, కానీ చేతికి పట్టు దొరకదు. తడి చేతులతో సన్నతాడు పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది. ఒక్కో షీట్ పడవ పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉంటే సరిపోతుంది. 27 అడుగులకు సుమారు 12 మీటర్లు. షీట్‌ను గాలి వచ్చే వైపు వించ్‌కు తేవాలనుకుంటే (ఆ సంగతి కింద చెబుతాను) ఇంకో రెండు మూడు మీటర్లు కలుపుకోండి.

రెండు షీట్లను రెండు బౌలైన్ ముడులతో కట్టడం మామూలు పద్ధతి. ఆ ముడులు టాక్ చేసినప్పుడల్లా మాస్ట్‌ను పట్టి ఉంచే ష్రౌడ్‌లకు తగులుకుంటాయి. విప్పడానికి ముందుకు పరిగెత్తాలి. అందుకే నేను ఒకే పొడవైన తాడును మధ్యలో మడిచి, ఆ మడతను జిబ్ మూల రింగులోంచి తీసి, కొసలు రెండూ ఆ మడతలోంచి లాగి బిగించాను. ముడి చిన్నది, నున్నది, ఎక్కడా తగులుకోదు. ఒక పక్క అరిగితే మొత్తం మార్చాలి, అదొక్కటే ఇబ్బంది.

హాల్యార్డ్‌ల సంగతి వేరు. తెరచాపను పైకెత్తే తాడు సాగకూడదు. సాగితే గాలి పెరిగినప్పుడు తెరచాప సంచిలా ఉబ్బి, పడవ పక్కకు ఒరిగిపోతుంది. లోపల డైనీమా అనే గట్టి పీచు, పైన పాలియెస్టర్ తొడుగు ఉన్న 8 మిల్లీమీటర్ల తాడు పాత 10 మిల్లీమీటర్ల పాలియెస్టర్ కన్నా తక్కువ సాగుతుంది. పొడవు కోసం డెక్ (పడవ పైతలం) నుంచి మాస్ట్ కొస దాకా ఎత్తును రెండింతలు చేసి, మాస్ట్ కింది నుంచి వించ్ దాకా దూరం, ఇంకో రెండు మీటర్లు కలపండి. 11 మీటర్ల మాస్ట్‌కు 27 మీటర్ల దాకా అవుతుంది.

పాత పడవల్లో సగం ఉక్కు తీగ, సగం తాడు ఉన్న హాల్యార్డ్‌లు ఉంటాయి. వాటిని పూర్తి తాడుగా మార్చేటప్పుడు మాస్ట్ కొసన ఉన్న కప్పీ చక్రాన్ని చూడకుండా వదలొద్దు. తీగ కోసం చేసిన గాడి ఇరుకుగా ఉంటుంది, తీగ దాన్ని గరుకుగా కొరికేసి కూడా ఉంటుంది. కొత్త తాడు ఒక్క సీజన్‌లో చీలికలైపోతుంది.

కొత్త తాడును మాస్ట్ లోపలికి పంపడానికి పాత తాడే దారి. రెండు కొసలనూ ఎదురెదురుగా ఆనించి, గట్టి దారంతో అటూ ఇటూ కుట్టి, పైన టేపు పలచగా చుట్టండి. ఒట్టి టేపును నమ్మొద్దు. మధ్యలో ఊడితే మాస్ట్ ఎక్కాల్సిందే, అది ఒంటరిగా చేసే పని కాదు.

రంగులు వేరువేరుగా తీసుకోండి. మెయిన్ హాల్యార్డ్ తెలుపు, జిబ్‌కు నీలం, రీఫ్‌కు (గాలి పెరిగితే తెరచాపను కొంత మడిచి చిన్నది చేసే తాడుకు) ఎరుపు అని ఏదో ఒకటి నిర్ణయించుకోండి. చీకట్లో రంగు కనబడదు కాబట్టి రీఫ్ తాడు ఒక్కటైనా చేతికి వేరుగా తగిలే అల్లికది అయితే మంచిది.

తాళ్ల దారి

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. అన్ని తాళ్లూ కాక్‌పిట్‌లోకి తేవడం, లేదా అన్నీ మాస్ట్ దగ్గరే ఉంచడం. రెండూ పనికొచ్చే పద్ధతులే. పనికిరానిది సగం సగం. హాల్యార్డ్ కాక్‌పిట్‌లో, రీఫ్ హుక్ మాస్ట్ దగ్గర ఉంటే, రీఫ్ వెయ్యడానికి ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తిరగాలి, అదీ గాలి పెరిగి పడవ ఎగిరిపడుతున్న సమయంలో. ఇలాంటి సగం పనులు పాత పడవల మీద చాలా చూశాను.

కాక్‌పిట్‌లోకి తేవాలనుకుంటే మాస్ట్ కింద కప్పీలు, క్యాబిన్ పైకప్పు మీద తాళ్లను పక్కకు మళ్లించే ఆర్గనైజర్, తర్వాత రోప్ క్లచ్‌లు, ఆ వెనక ఒక వించ్. క్లచ్ అంటే మీట నొక్కితే తాడును పట్టేసే సాధనం. దాని వల్ల ఒకే వించ్ మూడు నాలుగు తాళ్లకు పనిచేస్తుంది. క్లచ్ కొనేటప్పుడు అది ఏ మందానికి పట్టు ఇస్తుందో చూసి, మీ తాడు దాని మధ్యలో పడేలా తీసుకోండి.

తాడు మలుపు తిరిగే ప్రతి చోటా రాపిడి పెరుగుతుంది, కప్పీ మీద బరువూ పెరుగుతుంది. లంబకోణంలో తిరిగితే తాడు మీదున్న బరువుకు 1.4 రెట్లు, పూర్తిగా వెనక్కి తిరిగితే రెండింతలు. షీట్ మీద 168 కిలోలుంటే లంబకోణపు కప్పీ ఇంచుమించు 235 కిలోలు మోస్తుంది. కాబట్టి వీలైనన్ని తక్కువ మలుపులు, ఉన్న మలుపుల్లో బాల్ బేరింగ్ కప్పీలు. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

మెయిన్ రీఫ్‌కు ముందు మూలకొకటి, వెనక మూలకొకటి రెండు వేరువేరు తాళ్లు పెట్టడం నాకు నచ్చింది. ఒకే తాడుతో రెండు మూలలూ లాగే పద్ధతి చూడటానికి బాగుంటుంది కానీ, అందులో తాడు పొడవెక్కువ, రాపిడీ ఎక్కువ. జిబ్‌ను కొక్కేలతో తగిలించే పడవైతే, పై కొక్కెం నుంచి ముక్కు దగ్గరి కప్పీ మీదుగా కాక్‌పిట్‌లోకి 5 మిల్లీమీటర్ల డౌన్‌హాల్ తాడు ఒకటి పరచండి. హాల్యార్డ్ వదిలి దాన్ని లాగితే జిబ్ డెక్ మీద పడుకుంటుంది.

ఇప్పుడు వించ్

సెల్ఫ్ టెయిలింగ్ వించ్ తల మీద రెండు దంతాల పళ్లేలు ఉంటాయి. డ్రమ్ చుట్టూ తిరిగొచ్చిన తాడును అవి కరిచి పట్టుకుంటాయి. కొస లాగే చెయ్యి ఇక అక్కర్లేదు. మొదట్లో చెప్పిన మూడో చెయ్యి ఇదే.

లూమార్, హార్కెన్, ఆండర్సన్ లాంటి కంపెనీలు వించ్‌కు ఇచ్చే 16, 30, 40 అంకెలు దాని బలాన్ని సుమారుగా చెబుతాయి. 30 అంటే 10 అంగుళాల హ్యాండిల్‌తో ఒక కిలో బలం పెడితే లెక్క ప్రకారం 30 కిలోలు లాగుతుంది. పైన చెప్పిన 168 కిలోలకు 16 సైజు వించ్ మీద పదిన్నర కిలోలు పెట్టాలి. రాపిడి కలిస్తే ఇంకా ఎక్కువ. 30 మీద ఆరు కిలోలు కూడా అక్కర్లేదు. ఒక చేత్తో, కూర్చున్న చోటి నుంచి, వంకర భంగిమలో తిప్పాలి కాబట్టి 27 అడుగుల పడవ జిబ్‌కు నేను 30 వైపే మొగ్గుతాను. 8 అంగుళాల హ్యాండిల్ వాడితే బలం ఐదో వంతు తగ్గుతుందని గుర్తుంచుకోండి, 30 కాస్తా 24 అవుతుంది. హ్యాండిల్ తనంతట తాను ఊడి రాకుండా లాక్ ఉన్నదే కొనండి.

డబ్బు చాలకపోతే పాత డ్రమ్ మీద తొడిగే రబ్బరు తలలు దొరుకుతాయి. తాడు చుట్లు పైకి నొక్కుకుని రబ్బరు అంచు కింద ఇరుక్కుంటాయి. అసలు సెల్ఫ్ టెయిలింగ్ అంత గట్టిగా పట్టవు, కానీ ఒక సీజన్ వాడి చూసుకోవడానికి చాలు.

చోటు నిర్ణయించడానికి తొందరపడొద్దు. వించ్ అడుగు కొలతకు అట్ట కోసి, టేపుతో అతికించి, టిల్లర్ పట్టుకుని కూర్చుని, హ్యాండిల్ తిప్పుతున్నట్టు చెయ్యి తిప్పండి. 10 అంగుళాల హ్యాండిల్‌కు అర మీటరు వెడల్పు వృత్తం ఖాళీ కావాలి. మోచెయ్యి డెక్ అంచున కంచెలా ఉండే లైఫ్‌లైన్‌కు తగులుతుందా, వేళ్లు డాడ్జర్ (కాక్‌పిట్ ముందుండే గుడ్డ మరుగు) గొట్టానికి నలుగుతాయా చూడండి. తాడు డ్రమ్ మీదికి కొంచెం కింది నుంచి, 3 నుంచి 8 డిగ్రీల వాలులో ఎక్కాలి. పై నుంచి వస్తే ఒక చుట్టు ఇంకో చుట్టు మీదెక్కి బిగుసుకుపోతుంది. బరువు మీద బిగిసిన తాడును విప్పడం ఒక్కరికి నరకం. అలా జరిగితే ఇంకో తాడును రోలింగ్ హిచ్ ముడితో ఆ షీట్‌కు కట్టి, ఇంకో వించ్ మీద లాగి, వదులైన సందులో విప్పాలి. షీట్ వదులుగా ఉన్నప్పుడు ఒకటి రెండు చుట్లే వేసి, బరువు పడ్డాక మూడు నాలుగుకు పెంచితే ఈ బాధ చాలావరకు రాదు.

జిబ్ షీట్‌ను గాలి పోయే వైపు వించ్ మీద కాకుండా, కాక్‌పిట్ అడ్డంగా తెచ్చి గాలి వచ్చే వైపు వించ్ మీద చుట్టి చూడండి. మీరు ఎత్తు పక్కనే కూర్చుని ఉంటారు, షీట్ మీ చేతి కిందే ఉంటుంది. విసురు వస్తే కిందికి దిగకుండానే వదలొచ్చు. కాళ్లకు అడ్డం వచ్చే తాడును మాత్రం గమనించుకోవాలి.

డెక్‌కు రంధ్రాలు

పాత ఫైబర్‌గ్లాస్ పడవల డెక్ మధ్యలో చాలావాటిలో బాల్సా చెక్క ఉంటుంది. దానికి నీళ్లు తగిలితే కుళ్లిపోతుంది. నా పడవలో ఎవరో ఎప్పుడో సీల్ వెయ్యకుండా బిగించిన ఒక క్లీట్ చుట్టూ అరచేయంత మేర చెక్క తడి పిండిలా వచ్చింది. ముందు ప్లాస్టిక్ సుత్తితో తట్టి వినండి. గట్టి శబ్దం రావాల్సిన చోట మొద్దు శబ్దం వస్తే అక్కడ పెట్టకండి.

6 మిల్లీమీటర్ల బోల్టుకు 12 మిల్లీమీటర్ల రంధ్రం తొలవండి. కిందివైపు టేపుతో మూసి, సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక, మర్నాడు, దాని మధ్యలో అసలు కొలతకు రంధ్రం వెయ్యండి. ఇప్పుడు బోల్టుకూ చెక్కకూ మధ్య ఎపాక్సీ గోడ ఉంటుంది. రంధ్రం పై అంచును కొంచెం ఏటవాలుగా చెక్కి, అక్కడ బ్యుటైల్ టేపు (నీళ్లు ఆపే మెత్తటి జిగురు టేపు) చుట్టి బిగించండి. శాశ్వతంగా అతుక్కుపోయే సీలెంట్ వాడొద్దు, ఏదో రోజు ఈ వించ్ మళ్లీ తియ్యాలి. వించ్ అడుగున నీళ్లు పోయే చిన్న దారులను కూడా మూసెయ్యకండి.

కింద ఒట్టి వాషర్లు సరిపోవు. జి10 ఫైబర్ పలక గానీ మందపాటి అల్యూమినియం పలక గానీ వించ్ కన్నా పెద్దది పెట్టండి. బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. అల్యూమినియంకు అవి తగిలే చోట టెఫ్‌జెల్ అనే పూత రాయకపోతే ఉప్పు నీటిలో అల్యూమినియం తినుకుపోతుంది. బిగించేటప్పుడు పైన బోల్టు తిరగకూడదు, కింద నట్టు మాత్రమే తిరగాలి. తిరిగితే సీల్ చెదురుతుంది. ఈ ఒక్క పనికి రెండో మనిషి కావాలి: ఒకరు పైన స్క్రూడ్రైవర్‌తో, ఒకరు క్యాబిన్ లోపల పానాతో. బ్యుటైల్ నెమ్మదిగా పిండుకుంటుంది కాబట్టి మూడు నాలుగు రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం బిగించండి.

నీళ్లలోకి

మొదట గాలి లేని ఉదయం, కట్టేసిన చోటే మెయిన్ ఎత్తి, రీఫ్ వేసి, మళ్లీ విప్పి చూడండి. ఎక్కడ తాడు రుద్దుకుంటోందో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత 8 నాట్ల గాలిలో బయటికెళ్లి వరుసగా పది టాక్‌లు చెయ్యండి. టిల్లర్‌ను పట్టి ఉంచే లాక్ తాడు గానీ దాన్ని తనే నడిపే టిల్లర్ పైలట్ యంత్రం గానీ ఉంటే సగం టాక్‌లు దానితో, సగం చేత్తో చెయ్యండి. పాత షీట్‌ను ఎప్పుడు వదలాలో చేతికి అలవాటు కావాలి: జిబ్ ముందంచు గాలికి మడతపడినప్పుడు, అంతకు ముందు కాదు.

మొదటి రోజు రాసిన ఆ మనిషినే మళ్లీ పిలిచి, అదే పుస్తకంలో కొత్త పేజీ రాయించండి. టిల్లర్ వదిలిన వరుసలు రెండు మూడుకు తగ్గాలి. చివరిగా వాచీ పెట్టుకుని ఒక్కరే రీఫ్ వెయ్యండి. రెండు నిమిషాలు దాటితే ఏ తాడు ఆలస్యం చేసిందో చూసుకుని, సరిచేసి, మళ్లీ వెయ్యండి. రెండు నిమిషాల లోపు వరుసగా మూడుసార్లు వచ్చిన తర్వాతే మధ్యాహ్నం గాలిలోకి ఒంటరిగా వెళ్లండి.